వేడినీళ్ళ ధార సన్నబడితే

చెల్లె, ముందే ఒక మాట చెప్తా, విను. స్నానాలగదిలో వేడినీళ్ళు సన్నగా వస్తున్నాయని గీజరు మార్చే ఆలోచనలో ఉంటే ఒక్క వారం ఆగు. దుకాణంలో డబ్బు పెట్టేముందు నీకు కావలసింది ఒక బకెట్, ఒక గడియారం, ఓ పావుగంట తీరిక. చాలా ఇళ్ళల్లో తప్పు గీజరుది కాదు. గీజరులోకి నీళ్ళు చేరే దారిలోనో, అక్కణ్ణుంచి నల్లాకు వచ్చే దారిలోనో ఎక్కడో ఒక్కచోట అడ్డు పడి ఉంటుంది. ఆ చోటేదో ఇంట్లో ఆడమనిషి తనంతట తాను కనిపెట్టగలదు. నేను గట్టిగా నమ్మే మాట ఇది, అందుకే ఇవాళ ముచ్చటంతా దీనిమీదే.

మన భోపాల్‌పట్నంలో ఇదేమంత చిన్న విషయం కాదు. ఇంద్రావతి పక్కన ఊరు మనది. ఎండాకాలం ఎంత మండిపోయినా, పుష్యమాసం వచ్చిందంటే తెల్లారుజామున చన్నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మొన్నమొన్నటిదాకా ప్రతి ఇంటి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద గుండిగ, పక్కన కట్టెల మోపు. ఇప్పటికీ చుట్టుపక్కల పల్లెల్లో అదే. పట్నంలో మాత్రం గీజర్లు వచ్చేశాయి. గీజరు వచ్చినంత తొందరగా దాన్ని బాగుచేసే మనిషి రాలేదు. బీజాపూర్ నుంచి రావాలి, లేదంటే 163 నంబరు జాతీయ రహదారి పట్టుకుని గోదావరి దాటి ఏటూరునాగారం, ములుగు వైపు నుంచి ఎవరినన్నా పిలిపించుకోవాలి. ఆయన వచ్చేదాకా బాలింతకు నీళ్ళు తోడేదెవరు, పసిదానికి స్నానం చేయించేదెవరు, మోకాళ్ళ నొప్పుల అత్తకు బకెట్ నింపేదెవరు? మనమే కదా. మగవాళ్ళు చన్నీళ్ళు పోసుకుని బయటపడతారు. ఇబ్బంది మనది కాబట్టి దాని కిటుకు కూడా మన చేతిలోనే ఉండాలి.

సరే, బకెట్ తీసుకో. పది లీటర్ల గీత దాకా చన్నీళ్ళ నల్లా పూర్తిగా తిప్పి నింపు, ఎంతసేపు పట్టిందో చూడు. అదే బకెట్‌ను అదే చోట వేడినీళ్ళతో నింపు. రెండూ మెల్లగానే నిండితే గీజరు జోలికి పోకు, జబ్బు ట్యాంకు దగ్గరో మొత్తం లైనులోనో ఉంది. చన్నీళ్ళు నిమిషంలో నిండి, వేడినీళ్ళకు మూడు నాలుగు నిమిషాలు పడితే మాత్రం, పైపు గీజరు వైపు చీలిన చోటు నుంచి ఇవతల ఎక్కడో అడ్డుంది. నీ వెతుకులాట అప్పుడే సగానికి తగ్గిపోయింది.

తర్వాత ఇంకో ప్రశ్న. వేడినీళ్ళు ఒక్క నల్లాలోనే సన్నగా వస్తున్నాయా, అన్నిట్లోనా? గీజరు నుంచి వంటింటి సింకుకు కూడా పైపు ఉంటే అక్కడ తిప్పి చూడు. సింకులో ధార బాగుండి షవరులో లేకపోతే తప్పు షవరుది. షవరు తల విప్పితే లోపల సన్నని జాలీ కనిపిస్తుంది, దాంట్లో ఇసుక, సున్నం పెచ్చులు, ట్యాంకులోని నాచు ఇరుక్కుని ఉంటాయి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు రెండు మూడు చెంచాలు లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, అందులో గంటసేపు నానబెట్టి, పాత పళ్ళ బ్రష్‌తో రుద్దు. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు. అది మెరుపు పూతను, లోపలి ఇత్తడిని కూడా తినేస్తుంది. పైగా ఆ యాసిడ్‌కు బ్లీచింగ్ తగిలిందా, వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. మూసిన గదిలో అది ప్రాణాల మీదికి వస్తుంది, తల్లీ.

తిప్పే రకం పాత నల్లాలైతే లోపలి రబ్బరు వాషర్ చూడాలి. రోజూ వేడి తగిలి తగిలి ఆ రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. నల్లా ఎంత తిప్పినా అది సగం దారికి అడ్డంగా కూర్చుంటుంది. చన్నీళ్ళ నల్లా ఏళ్ళ తరబడి బాగుండి, దాని జోడు వేడినీళ్ళది ముందే మొండికేసేది ఇందుకే. వాషర్ ఖరీదు చాక్లెట్ ఖరీదంత. మిక్సరు ఉన్నవాళ్ళకు ఇంకో తంటా ఉంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు. కానీ మిక్సరులో చన్నీళ్ళ ఒత్తిడి బాగా ఎక్కువైతే అవి వేణ్ణీళ్ళను ముందుకు రానివ్వకుండా వెనక్కి నెడతాయి. మిక్సరు కింద చన్నీళ్ళ వైపున్న యాంగిల్ కాక్‌ను జర తగ్గించి చూడు. ధార సమంగా కలిసి, వెచ్చదనం వచ్చేస్తే ఇక మెకానిక్‌తో పనే లేదు.

అన్ని నల్లాల్లోనూ వేడినీళ్ళు సన్నగా వస్తుంటే గీజరు దగ్గరికి పోదాం. మా పక్కింటి వదినె వాళ్ళింట్లో జరిగింది చెప్తా, అది వింటే నీకు బాగా అర్థమవుతుంది. వాళ్ళది పదిహేను లీటర్ల గీజరు. ధార పిల్లల చిటికెన వేలంత కూడా లేదు. ఇంట్లో వాళ్ళంతా కొత్తది కొనాలని తీర్మానించేశారు. ముందు మీటరు దగ్గర గీజరు ఎంసీబీ కిందికి దించాం. స్విచ్ కట్టేస్తే చాలదు చెల్లె, తడి చేతులతో చేసే పని, ఎంసీబీయే దించాలి. లోపలి నీళ్ళు చల్లబడేదాకా ఆగాం. గీజరు కింద రెండు గొట్టాలుంటాయి, నీలం గుర్తున్నది నీళ్ళు లోపలికి పోయేది, ఎర్ర గుర్తున్నది బయటికి వచ్చేది. గోడకున్న యాంగిల్ కాక్ కట్టేసి, నీలం వైపు గొట్టాన్ని గీజరు దగ్గర విప్పి, కొసను బకెట్‌లో పెట్టి, కాక్ ఒక్క క్షణం తెరిచాం. ధార సన్నగానే వచ్చింది. అంటే గీజరు ఏ పాపం ఎరగదు, దానికి నీళ్ళే అందడం లేదు. గొట్టం కూడా తీసేసి కాక్‌నే తెరిస్తే నీళ్ళు ఎగజిమ్మి వదినె చీర తడిసింది. కాక్ బాగుంది, గోడలో పైపు బాగుంది. ఇక మిగిలింది ఆ మూరెడు గొట్టం. దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అవతలి వెలుగు సూదిబెజ్జమంత కనిపించింది. పైన మెరిసే స్టీలు అల్లిక నిగనిగలాడుతూనే ఉంది, లోపలి రబ్బరు మాత్రం ముడతపడి దారి మూసేసింది. కొత్త గొట్టం వేశాక ధార మామూలైపోయింది. కొత్త గీజరుకు దాచిన డబ్బుతో వదినె అత్తగారికి ఉన్ని దుప్పటి కొన్నది.

ఈ పరీక్షలో నీలం గొట్టం కొసన నీళ్ళు బలంగా వస్తే, ఎర్ర వైపు గొట్టం విప్పి, నీలం వైపు మళ్ళీ బిగించి, కాక్ తెరిచి చూడాలి. గీజరు ఎర్ర మూతి నుంచి నీళ్ళు బాగా వస్తే అడ్డు ఆ ఎర్ర వైపు గొట్టంలోనో, గోడలోని వేడినీళ్ళ పైపులోనో ఉంది. అక్కడ కూడా సన్నగానే వస్తే గీజరు లోపలో, లోపలికి పోయే చోట ఉన్న కవాటంలోనో ఉంది. అప్పుడు మెకానిక్‌ను పిలువు. "గీజరు పని చేయట్లేదు" అని కాదు, "లోపలికి ధార బాగుంది, బయటికి లేదు" అని ఫోనులోనే చెప్పు. ఏ సామాను తెచ్చుకోవాలో ఆయనకు తెలుస్తుంది, నీకు రెండోసారి రాకపోకల ఖర్చు తప్పుతుంది.

గీజరు లోపల అడ్డుపడేది ఎక్కువగా సున్నమే. బోరు నీళ్ళు రాతిలోంచి, మట్టిలోంచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు అవి కంటికి కనిపించవు. వేడి తగలగానే విడిపోయి తెల్లగా పేరుకుంటాయి. నీళ్ళు మరిగించే గిన్నె అడుగున పట్టే తెల్లపొర చూశావు కదా, గీజరు కడుపులో పట్టేదీ అదే. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరులో ఈ గట్టిదనం 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఇక పైపు సంగతి. అంగుళం వెడల్పున్న పైపులో చుట్టూ సున్నం పట్టి అర అంగుళమే మిగిలిందనుకో, నీళ్ళ దారి సగం కాదు, నాలుగో వంతే మిగిలినట్టు. రాపిడి వల్ల ధార అంతకన్నా తగ్గుతుంది. గీజరు వేడెక్కేటప్పుడు లోపల పటపటమని చప్పుడు వస్తున్నా, బకెట్ అడుగున తెల్ల పెచ్చులు కనిపిస్తున్నా సున్నం ముదిరిందని గుర్తు. బోరు నీళ్ళ ఇళ్ళల్లో ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి లోపల శుభ్రం చేయించాలి. అప్పుడే మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో కూడా చూపించమని అడుగు. ట్యాంకు ఇనుముకు బదులు తాను అరిగిపోవడానికే దాన్ని లోపల పెడతారు. అది పూర్తిగా అరిగాక తుప్పు ట్యాంకును పడుతుంది. ఇంకోటి, థర్మోస్టాట్ 60 డిగ్రీలకు మించి పెట్టకు. వేడి పెరిగేకొద్దీ సున్నం తొందరగా పేరుకుంటుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతా. మన బ్లాకులోని గెర్రాగూడ ఫ్లోరైడ్ వల్ల వార్తల్లోకి ఎక్కిన ఊరు. బోరు నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు చెల్లె. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గీజరు నీళ్ళతో వంట, పాలపొడి కలపడం లాంటివి వద్దేవద్దు.

ఇప్పుడు ప్రాణం మీది సంగతి. గీజరుకు నీళ్ళు వెళ్ళే చోట ఇత్తడి కవాటం ఒకటుంటుంది. లోపలికి పోయిన నీళ్ళను అది వెనక్కి రానివ్వదు, లోపల ఒత్తిడి పెరిగితే కాసిని నీళ్ళు బయటికి వదిలేస్తుంది. పదిహేను లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే దాదాపు ఒక గ్లాసుడు నీళ్ళంత వ్యాకోచిస్తాయి. ఆ గ్లాసుడు ఎక్కడికి పోవాలి? అందుకే గీజరు నడిచేటప్పుడు ఆ కవాటం చుక్కచుక్కగా కారుతుంది. అది చెడిపోవడం కాదు, దాని పనే అది. కారుతోందని ఎం-సీల్ పెట్టి మూసేవాళ్ళున్నారు, ధార పెరుగుతుందని తీసిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండూ నీ ఇంట్లో జరగనివ్వకు. ఒత్తిడి పోయే దారి మూసి, పైన థర్మోస్టాట్ కూడా మొరాయించిందంటే ఆ డబ్బా పేలుతుంది. మెకానిక్ ఎంత అనుభవం ఉన్నవాడైనా, "ఇది తీసేస్తే ధార వస్తుందమ్మా" అంటే వద్దని గట్టిగా చెప్పు. కవాటం లోపల చెత్త ఇరుక్కుంటే కడగాలి, అరిగిపోతే కొత్తది వేయాలి, తీసేయడం ఉండదు.

మన ఊళ్ళో ఎక్కువ ఇళ్ళకు ఉన్న అసలు చిక్కు మాత్రం వేరు. హైదరాబాద్‌లో పది అంతస్తుల భవనం కింది వాటాలో ఉన్న మీ మరదలికి నీళ్ళ ఒత్తిడి ఎక్కువై బాధ. మనవి ఒకే అంతస్తు ఇళ్ళు. శ్లాబు మీద సింటెక్స్ ట్యాంకు నేరుగా పెట్టేస్తాం. పది మీటర్ల ఎత్తున నీళ్ళుంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుందని లెక్క. మన శ్లాబు పదడుగులు, షవరు ఏడడుగులు, మధ్య తేడా మూడడుగులు. అంటే మీటరు కన్నా జర తక్కువ, ఒత్తిడి కిలోలో పదోవంతు. చన్నీళ్ళు ఆ కొద్దిపాటి ఒత్తిడితో నేరుగా వచ్చేస్తాయి. వేడినీళ్ళు కాక్, గొట్టం, కవాటం, గీజరు, మళ్ళీ గొట్టం, మిక్సరు అన్నీ దాటి రావాలి. కవాటం లోపలి స్ప్రింగును నెట్టడానికే ఉన్న బలంలో కొంత పోతుంది. అందుకే సామానంతా కొత్తదైనా షవరులో ధార ఉండదు. గీజరు మార్చినా రాదు, కంపెనీ మార్చినా రాదు. ట్యాంకును పైకి లేపాలి. గట్టి ఇటుక దిమ్మె మీదో, ఇనుప స్టాండు మీదో ఇంకో ఆరడుగులు లేపితే ఒత్తిడి మూడింతలు అవుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, మేస్త్రీని అడిగి, గోడ మీదికో దూలం మీదికో వచ్చేలా కట్టించు, శ్లాబు నడిమధ్యన వద్దు. ట్యాంకు నుంచి దిగే పైపు అంగుళానిది వేయించి, స్నానాలగది దగ్గరికి వచ్చాక ముప్పావు చేసి, నల్లా దగ్గర మాత్రమే అరంగుళం చేయమను. ట్యాంకు మూతి దగ్గరే అరంగుళం పైపు వేసిన ఇళ్ళు చాలా చూశాను. ఎల్బోలు ఎంత తక్కువైతే అంత మంచిది. వేడినీళ్ళకు సీపీవీసీ పైపే వేయాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగుతుంది, అతుకులు ఊడతాయి.

ఇంత చేసే వీలు లేకపోతే షవరు మీద ఆశ వదిలి, మోకాలి ఎత్తులో ఉన్న నల్లా కింద బకెట్ పెట్టుకో. షవరుకూ ఆ నల్లాకూ అయిదడుగుల తేడా, ఆ మేరకు ఒత్తిడి ఎక్కువ. బాలింత ఉన్న ఇంట్లో నేను ముందు చెప్పేది ఇదే.

పంపు పెడదామంటావా? ట్యాంకుకూ ఇంటి లైనుకూ మధ్య చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చు, అది వేడినీళ్ళకూ చన్నీళ్ళకూ కలిపి ఒత్తిడి ఇస్తుంది. ఊరి నల్లా లైనుకు మోటారు బిగించి గుంజడం మాత్రం పాపం. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. నీ మోటారు గుంజితే వీధి చివరి ఇంటికి ఆ వంతు పోతుంది. లైనులో ఎక్కడన్నా పగులుంటే పక్కనున్న మురికి కూడా లోపలికి గుంజుకొస్తుంది, అది తాగేది మన పిల్లలే.

కరెంటు పోయి, ట్యాంకు ఖాళీ అయి, మళ్ళీ నింపాక వేడినీళ్ళు మాత్రమే రాకుండా పోయాయంటే పైపులో గాలి నిలిచిందని అర్థం. పైపు గోడ పైదాకా ఎక్కి దిగే ఇళ్ళల్లో ఇది మామూలే. ట్యాంకు నిండాక అన్నిటికన్నా కింద ఉన్న వేడినీళ్ళ నల్లా పూర్తిగా తెరిచి వదిలేయ్. తుస్సుతుస్సుమని దగ్గి, గాలి పోయి, ధార కుదురుకుంటుంది. అప్పటిదాకా గీజరు స్విచ్ వేయకు. లోపల నీళ్ళు లేకుండా వేస్తే కాయిల్ కాలిపోతుంది.

మూడు లీటర్ల చిన్న గీజరు కొన్నవాళ్ళు ధార సన్నగా ఉందని బాధపడకండి. మూడు కిలోవాట్ల కాయిల్ నీళ్ళను 30 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి లీటరున్నరకు మించి ఆపకుండా ఇవ్వలేదు. ఎక్కువ తెరిస్తే చల్లబడతాయి, అంతే. సింకుకు అది బాగు, ఇంటిల్లిపాది స్నానాలకు కాదు. గ్యాస్ గీజరుకైతే ధార తగినంత లేకపోతే మంటే అంటుకోదు. అది పెట్టుకునేవాళ్ళు స్నానాలగది బయట, గాలి ఆడే చోట పెట్టించుకోండి. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనిషి కూర్చున్నచోటే స్పృహ తప్పుతుంది. ఈ మాట పిల్లలకు కూడా చెప్పండి.

వానాకాలం పోయాక ట్యాంకు కడిగించడం మరవకు. వరదరోజుల్లో వచ్చిన బురద ట్యాంకు అడుగున చేరి, చలికాలం వచ్చేసరికి కవాటంలో, జాలీలో తేలుతుంది. కాక్ విప్పినప్పుడు పాత వాషర్, పాత గొట్టం పారేయకుండా సంచిలో వేసుకుని దుకాణానికి పట్టుకుపో. దుకాణాయనకు కొలత చెప్పడం కన్నా వస్తువు చూపించడం మేలు. టెఫ్లాన్ టేపు ఒక చుట్ట కూడా తీసుకో. గీజరు లోపల శుభ్రం చేయించిన తేదీ, కవాటం మార్చిన తేదీ గీజరు పక్కన గోడమీద పెన్సిలుతో రాసిపెట్టు. ఎవరు బాగుచేయడానికి వచ్చినా ముందు అడిగేది అవే.